పసుపు గీత

"అక్కడే నిలబడు, కదలకు!" కెమెరా కంటికి ఆనించుకునే అరిచాడు యోగానంద్.

పిల్లలు చిన్న రేసు బళ్ళు నడిపే గో-కార్ట్ ట్రాక్‌కి అవతల, ఇనుప వల కంచె వెనక, పసుపు చీరలో నిలబడి ఉంది అతని భార్య సుభద్ర. 1984 జూన్. పరాయి దేశపు ఊరు చాండ్లర్‌లో ఎండ నడినెత్తిన మాడుస్తోంది.

"గంటయిందండీ. కాసేపు కార్‌లో కూర్చుంటాను."

"ఇంకొక్క రౌండ్. మన రేణు కార్ట్‌తో పాటే కెమెరా తిప్పుతానా, కార్ట్ షార్ప్‌గా వస్తుంది, వెనకున్నదంతా బ్లర్ అవుతుంది. నీ చీర పసుపు గీతలా సాగుతుంది. పోయినవారం కడిగించిన రీలు చూశావుగా!"

చూసింది. ముప్పయ్యారు ఫొటోల్లోనూ తను గీతే.

"పన్నెండేళ్ళ పిల్లకి కార్ట్ నేర్పించారు. నాకు కారెప్పుడు నేర్పిస్తారు? ఐదేళ్ళ నుంచీ అడుగుతున్నాను. పాలు అయిపోయినా మీరొచ్చేదాకా కూర్చోవాల్సిందే."

"నువ్వు ఎక్కడికెళ్ళాలి చెప్పు? నేను తీసుకెళ్ళడం లేదూ? అదిగో, వస్తోంది! నవ్వక్కర్లేదులే, మొహం ఎలాగూ కనబడదు."

ట్రాక్ మీద రేణు ఒక్కతే ఉంది. మలుపు తిరిగి దూసుకొచ్చిన కార్ట్ సరిగ్గా తల్లి ముందుకొచ్చి ఆగిపోయింది.

"ఎందుకాపావు? నువ్వు ఆగితే అమ్మ బ్లర్ అవదు!"

రేణు హెల్మెట్ తీసింది. "తెలుసు డాడీ. అందుకే స్టాప్ చేశాను. ఇప్పుడు తియ్యి."

యోగానంద్ మళ్ళీ కెమెరాలోకి చూశాడు. కంచె తీగల్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ సుభద్ర మొహం స్పష్టంగా కనబడింది.

వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేకపోయాడు.