రెండు వాటాలు

తుపానుకు ముందు ఒంటరిగా వేటకెళ్లి తిరిగిరాని తమ్ముడు నూకరాజును వెతుక్కుంటూ జాలరిపేట తవిటయ్య, బావ ఎర్రయ్యతో కలిసి, మనిషి మసలని ఆ రాతి దీవికి పడవ చేర్చేసరికి చీకటిపడింది. కెరటాల చప్పుడే తప్ప పిట్ట కూత కూడా లేదు.

లాంతరెత్తితే బండ మీద తడారని చేపలు. వేట పంచుకున్నట్టు చెరిసగం రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి.

“బతికే ఉన్నాడు బావా!” అన్నాడు తవిటయ్య.

“ఉన్నాడు సరే. ఒక్కడే కదేటి ఎల్లినోడు? రెండో వాటా ఎవులిది?”

“దెయ్యాలకి వాటాలేటి బావా!” అని నవ్వబోతే నవ్వు రాలేదు.

బండ వెనక నుంచి “అన్నా!” అని నూకరాజు గొంతు వినిపించింది. ఆ వెంటనే, అంతే ఆప్యాయంగా, ఎరగని గొంతొకటి “అన్నా!” అంది.

తవిటయ్యకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

అయినా లాంతరెత్తి గొంతులొచ్చిన వైపు చూపాడు. రెండో చేత్తో పడవను బండకు అదిమిపట్టి, “ఇద్దరూ ఎక్కండ్రా, అమ్మ ఎదురుసూత్తంది” అన్నాడు.