అత్తగారి టోకెన్

"థైరాయిడ్ టెస్టా? ఫోన్లో చూసొచ్చారా?" అన్నాడు డాక్టరు ఉదయ్‌భాస్కర్, తలెత్తకుండానే. రామచంద్రపురంలో ఆయన మాటకి తిరుగులేదు మరి.

"లేదండి. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయండి. జుట్టు గుప్పెళ్ళతో ఊడుతోంది. మిట్టమధ్యాహ్నం కూడా చలేస్తోంది," అంది సూర్యకళ.

"పొద్దున్నే అరగంట నడవండి. అన్నీ పోతాయి."

పక్కనున్న మొగుడు హరిబాబు నవ్వాడు. "నేను చెబితే వినదండి. ఒళ్ళు కదపాలంటే బద్ధకం."

డాక్టరూ నవ్వాడు. ఇద్దరు మగాళ్ళు కూర్చుని తేల్చేశాక ఆడదాని ఒంట్లో జబ్బెక్కడుంటుంది? సూర్యకళ బలం మాత్రలు పట్టుకుని ఇంటికొచ్చి, అంట్ల ముందు కూలబడింది.

ఆ పూట ఆమెని ఆదుకున్నదెవరనుకున్నారు? సాక్షాత్తూ అత్తగారు వరహాలక్ష్మి. మర్నాడు ద్రాక్షారామంలో అరవై దాటినవాళ్ళకి ఉచిత రక్తపరీక్షలు, థైరాయిడ్‌తో సహా. కోడల్ని తోడు తీసుకెళ్ళి, టోకెన్ చేతికొచ్చాక చెవిలో గొణిగింది.

"నాకు సూదంటే భయమే. నా పేరున నువ్విచ్చెయ్ రక్తం. ఈ జనంలో ఎవడు చూడొచ్చాడు? నీ అనుమానమూ తీరుతుంది."

"రిపోర్టు మీ పేరున వస్తుంది కదండీ అత్తయ్యా?"

"వస్తే రానీ. డాక్టరుకి నేను చెప్తాగా."

సూర్యకళకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఐదేళ్ళ కాపురంలో ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. చెయ్యి చాపి రక్తమిచ్చింది.

నాలుగో రోజు ముగ్గురూ వెళ్ళి రిపోర్టు చూపిస్తే డాక్టరు ఉలిక్కిపడ్డాడు.

"థైరాయిడ్ టీఎస్‌హెచ్ ఐదు లోపు ఉండాల్సింది, తొంభై దాటింది. ఎలా ఓర్చుకున్నారమ్మా ఇన్నాళ్ళూ? మాత్రలు రాస్తాను. కొన్నాళ్ళు ఇంటి పనులేవీ పెట్టుకోకండి."

హరిబాబు తల్లి వైపు తిరిగాడు. "ఒక్క మాటైనా చెప్పలేదేంటమ్మా? సూర్యకళా, ఇవాళ్టి నుంచి అమ్మ గ్లాసు కూడా కడగడానికి వీల్లేదు. అంతా నువ్వే చూసుకోవాలి."

"ఆ రక్తం నాదండి," అంది సూర్యకళ. "అత్తయ్యా, చెప్పండి."

హరిబాబు పళ్ళు కొరికాడు. డాక్టరు వరహాలక్ష్మి వైపు చూశాడు.

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"దాన్నేం అనకు నాన్నా. నా పని కూడా మీద పడుతుందని బెంగ, పాపం."