పట్టులోని చివరి రుచి

అడవిలో ఏటా వేసవికి ఓ ఎలుగుబంటి వచ్చి తేనెపట్టు విరుచుకు తినేది. పట్టు పోయిందన్న ఏడుపు ఒకటైతే, ఓ ఏడు అది గబగబా మింగే తీరు చూసి ఆ పట్టులోని ఓ ముసలి తేనెటీగకు ఇంకా ఒళ్లు మండిపోయింది. వెళ్లి దాని ముక్కు మీద వాలింది.

"ఏమయ్యా, దోచుకుంటే దోచుకున్నావు, ఏం తింటున్నావో ఒక్కనాడైనా చూసుకున్నావా?"

"తీపి తింటున్నాను, ముసలమ్మా. విడమరిచి చూస్తే ఆ తీపి కాస్తా పోతుంది. నన్ను తిననీ" అని ఎలుగుబంటి విసుక్కుంది.

"పోదు. కాసేపు నాలుక మీద నిలుపు. ఆ చిరుచేదు వేపపూతది. వెనకాల తగిలే వగరు కానుగపూతది. మూడు కొండలు తిరిగి తెచ్చాం."

ఎలుగుబంటి అయిష్టంగానే నిలిపింది. చేదూ తెలిసింది, వగరూ తెలిసింది. ఈసారి పట్టు నడిమి ముక్క విరిచి, కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది.

"నిజమే, రుచి రెట్టింపైంది. మరి ఈ పాలలాంటి కమ్మదనం ఏ పువ్వుది?"

"పువ్వుది కాదు. అవి మా పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు."

ఎలుగుబంటి దవడ ఆగిపోయింది.

"ఆగావేం?" అంది తేనెటీగ. "ఏటా తిన్నవేగా. ఈసారి తెలిసి తిను."