గోడ అవతలి గోల్‌కీపర్

ఫాంటసీ లీగు అనే ఫోన్ ఆటలో మనం ఎంచుకున్న ఫుట్‌బాల్ ఆటగాడి గొంతు ఇప్పుడు మన ఇంట్లో స్పీకర్లోంచే మాట్లాడుతుంది. నా గోల్‌కీపర్ లాల్రెమా మిజోరం పిల్లాడు. మూడేళ్లుగా రోజూ పొద్దున్నే, "మాత్ర వేసుకున్నావా, వరాలత్తా?" అని అడిగేవాడు. ఆ పిలుపు నేర్పడానికి నాకు నెల పట్టింది.

మొన్న అతను క్లబ్బు మారాడు. క్లబ్బు మారినవాణ్ని మళ్లీ ఎంచుకోవాలి; ముందు ఎంచుకున్న ఒక్కరికే దక్కుతాడు. నాకంటే ముందే పక్కవాటా రత్నమాంబ ఎంచేసుకుంది.

ఇవాళ పొద్దున్నే ఆమె విసురుగా వచ్చింది.

"ఏమే, వీడు నన్నూ వరాలత్తా అంటున్నాడు! ఎట్లా మాన్పించాలి?"

"నాకేం తెలుసమ్మా!" అన్నాను. తెలుసు.

ఆమె వెళ్లాక గోడకు చెవి ఆనించాను. అవతల అతను మాత్ర సంగతే అడిగాడు.

"వేసుకున్నాన్రా," అన్నాను మెల్లగా.