కింది తొట్టి

“నా తువ్వాలతోని ఉప్పు తుడిచినవా?”

“మరి దేంతోని తుడవాలె? మీ చేపల కోసం నా చీర చింపుకోవాల్నా?”

సుందర్ రావు తువ్వాల దులిపాడు. తెల్లటి పొడి రాలింది. నిర్మల నవ్వలేదు.

సుబేదారిలో వాళ్ళది మేడమీది అద్దె వాటా. ముందుగదిలో గాజు తొట్టి. బందరు నుంచి రైల్లో క్యాన్లతో తెచ్చిన సముద్రపు నీళ్ళు, కొన్ని పగడపు రాళ్ళు, రెండు నారింజ రంగు చేపలు. కాలేజీలో జువాలజీ చెప్పే సుందర్ రావుకు అవి ప్రాణం.

గాజు తొట్టి కింద ఇంకో తొట్టి. పైనుంచి పొర్లిన నీళ్ళు అందులో పడతాయి. చిన్న మోటారు వాటిని గొట్టంగుండా మళ్ళీ పైకి తోస్తుంది. కరెంటు పోతే మాత్రం పై నీళ్ళు అదే గొట్టంలో వెనక్కి జారి, కింది తొట్టి నిండి ఇల్లంతా పారతాయి. అలా కాకుండా గొట్టానికి పై తొట్టి నీటి అంచున సుందర్ రావు సన్నటి చిల్లి పెట్టాడు. అందులోంచి గాలి దూరగానే ధార తెగుతుంది.

కానీ ఉప్పు ఊరుకోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ గాజు అంచు మీద, వైరు మీద బూజులా పాకుతుంది. చిల్లినీ పూడ్చేస్తుంది. రోజూ తడిగుడ్డతో తుడిచి, పిన్నీసుతో చిల్లి పొడవడం నిర్మల పని.

వేసవిలో ఒకసారి మరిచింది. కింద ఉండే ఇంటామె లక్ష్మీనర్సమ్మ పూజ చేసుకునే దేవునర్రలోకి ఉప్పునీళ్ళు కారాయి. ఇల్లు ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చింది, ఆమె పేరు మీదే ఉంది.

“ఇంకోపారి చుక్క పడ్డదంటె మీ సామాను బజార్ల ఉంటది” అందామె.

“ఊకో. పాపం, వాళ్ళేడికి పోతరు?” అని ఆమె భర్త పాండురంగం సేటు సర్దిచెప్పాడు.

అప్పటినుంచి తొట్టి చూసిపోవడానికి సేటు పైకి రావడం మొదలైంది. సుందర్ రావు కాలేజీకి వెళ్ళాక, లక్ష్మీనర్సమ్మ గుడికి పోయాక. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే నిర్మల చేతిలో గుడ్డ ఆగిపోయేది. తలుపు బార్లా తెరిచి గడప దగ్గరే నిలబడేది.

“ఫికర్ చెయ్యకు. ఆమె నోరు గంతే. నేనున్నన్ని రోజులు మిమ్ముల ఎవలు పొమ్మంటరు?” అనేవాడు సేటు, ఉప్పు పేరిన గాజు మీద వేలితో గీస్తూ.

“సేటు రోజూ వస్తాండు” అని భర్తతో ఒకసారి అంది.

“మంచిదే గద. మనమీద దయ ఆయనకు. నువ్వు ఆ చిల్లి జర చూసుకో, చాలు. ఈ ఇల్లు పోతే మల్ల ఇసొంటిది దొరకది.”

శుక్రవారం నిర్మల చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మెట్ల మీంచి నీళ్ళు దిగుతున్నాయి. కరెంటు పోయి చాలాసేపైందట. తడిసిన దేవుని పటాలు ఒళ్ళో పెట్టుకుని లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కూర్చుంది. ఎన్నడూ లేనిది, సేటు ఆమె వెనక నోరు మెదపకుండా నిలబడ్డాడు.

ఆ పూట ప్రార్థన చేసుకుని అన్నానికి కూర్చున్నారు. సుందర్ రావు కంచం పక్కకు జరిపాడు.

“రేపే ఖాళీ చేస్తున్నం. కాశిబుగ్గల మా చిన్నాయన ఇంట్ల ఒక అర్ర ఉన్నది. తొట్టి గూడ తీసేస్త. ఆ ఉప్పు నీ ఒక్కదానితోని ఏడ ఆగుతది? నీ తప్పేం లేదు, నిర్మలా.”

నిర్మల తల వంచుకుని, పొద్దున ఆ చిల్లిలో మైనం కూరిన వేళ్ళతోనే చారన్నం కలుపుకుంది.