నల్లరాయి దగ్గర ఈల

ఇలా నిప్పు దగ్గరికి జరుగు, తల్లీ. ఇంకొంచెం. ఇది సముద్రానికి వినపడేలా చెప్పే మాట కాదు.

నారింజ రంగు తేలుబుర్ర, దాని కింద వేలాడే వలసంచి, పక్కన మనిషి లేదు. మాతో కలిసి మునిగిన జంగ్‌సుక్ అనగానే నాకు కనిపించేది అదే.

మన జేజు దీవి ఆడవాళ్ళ బతుకు తెలిసిందే. తేలుబుర్రని నీళ్ళ మీద వదిలి, ఊపిరి బిగబట్టి మునుగుతాం, గుల్లలు ఏరుకుంటాం. పైకి తేలగానే ఆ గాలంతా ఈలై బయటికొస్తుంది.

ఎవరి ఈల వారిదే. వింటే చాలు, మనిషిని చూడక్కర్లేదు.

ఈల వినగానే దగ్గరున్నవాళ్ళు "వచ్చావా" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే మళ్ళీ మునగాలి.

జంగ్‌సుక్ ఈల పొడుగ్గా లేచి, చివర్లో వెక్కినట్టు విరిగేది.

ఆ రోజు ఈల వేసింది. మేం నోరు తెరిచేలోపే మళ్ళీ మునిగింది. రాతికి అంటుకున్న పెద్ద గుల్ల కంటపడి ఉంటుంది. పిల్లకి గుల్లల గంజి కాయాలని పొద్దుటినుంచీ అంటూనే ఉంది.

ఆ పిల్ల దాహే. అప్పటికి తొమ్మిదేళ్ళది. గట్టు మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది.

"మా అమ్మ వచ్చింది కదా, సమ్‌చూన్? ఈల విన్నాను," అంది నాతో. పెద్దవాళ్ళెవరినైనా మనం అలాగే కదా పిలుస్తాం.

వచ్చింది తేలుబుర్ర ఒక్కటే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పిల్ల గట్టు మీద నిలబడి అచ్చం వాళ్ళమ్మ ఈల వేసేది. మేం తలలు వంచుకుని ఇళ్ళకు పోయేవాళ్ళం.

పోయినవాళ్ళకి ఎవరు బదులిస్తారు?

దాహేకి పదిహేనేళ్ళప్పుడు సియోల్ నుంచి షికారుకొచ్చిన పాటల కంపెనీ మనిషి ఆ ఈల విన్నాడు. పిల్లని తీసుకుపోయారు. పేరు తీసేసి మిరే అని పెట్టారు. అన్నం మాన్పించారు. జుట్టుకి గులాబి రంగు వేశారు.

మొదటిసారి టీవీలో వచ్చిన రోజు ఊరి హాల్లో అందరం చేరాం.

"ఆ కాళ్ళేంటే, కొంగ కాళ్ళలాగా!" అంది మా గుంపు పెద్ద మల్‌సూన్.

"నీ ముల్లంగి కాళ్ళు చూసుకోవే ముందు," అన్నాను.

నవ్వుతూనే ఉన్నాం. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. దాహే కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

పొడుగ్గా లేచి, చివర్లో విరిగింది.

అందరి నోటిదాకా "వచ్చావా" అన్న మాట వచ్చి ఆగిపోయింది. మల్‌సూన్ లేచి టీవీ కట్టేసింది.

దేశమంతా ఆ ఈలకే పిచ్చెత్తిపోయింది. బడిపిల్లలు బస్సుల్లో వేసేవాళ్ళు. ఐస్‌క్రీమ్ ప్రకటనలో పెట్టారు. ఎంతమంది వేసినా అలా మాత్రం ఎవరికీ రాలేదు.

తర్వాత ఒక రోజు వేదిక మీద వాయిద్యాలు ఆగాయి. దాహే నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

మెల్లగా పాట కూడా రాకుండా పోయింది. కంపెనీకి ఇంకో పదిహేనేళ్ళ పిల్ల దొరికింది. దాహే కొట్ల ప్రారంభోత్సవాల్లో రికార్డు పెట్టించుకుని పెదాలు ఆడించింది కొన్నాళ్ళు. అదీ ఆగాక ఇంటికొచ్చింది.

"నన్నూ నీళ్ళలోకి తీసుకెళ్ళండి, సమ్‌చూన్," అంది, గీసుకుపోయిన గొంతుతో. "నాకింకేం మిగల్లేదు."

"ఈల వెయ్యలేనిదానివి. బతికున్నావో లేదో మాకెలా తెలియాలే?" అంది మల్‌సూన్. "వేసవి దాకా చూస్తా. అప్పటికీ రాకపోతే హోటల్లో గిన్నెలు కడుక్కుందువు గాని."

మునిగేది. తేలేది. నోరు తెరిచేది. ఉత్త గాలి. నేను పక్కనే ఉండి, కళ్ళతో చూసి "వచ్చావా" అనేదాన్ని.

ఒక పొద్దున మేం నీళ్ళలో ఉండగానే పొగమంచు దిగింది. నా చెయ్యి నాకే కనపడలేదు.

అప్పుడు వినిపించింది, నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన నల్లరాయి వైపు నుంచి.

పొడుగ్గా లేచి, చివర్లో విరిగింది.

"వచ్చేసిందే! పిల్లకి ఈల వచ్చేసింది!" మల్‌సూన్ నీళ్ళు చిందిస్తూ అటు ఈదింది. నేనూ వెనకే.

రాయి దగ్గర మనిషి లేదు. తేలుబుర్ర ఒక్కటే ఊగుతోంది.

నీళ్ళలో తల ముంచి కిందికి చూశాను. దాహే కాలు పాత వల పోగుల్లో చిక్కుకుని ఉంది.

మల్‌సూన్ కొడవలితో వల కోసింది. నేను జుట్టు పట్టి పైకి లాగాను. పిల్ల నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచింది.

"ఈల వేసి బతికిపోయావే, మొండిఘటమా," అంది మల్‌సూన్ ఏడుస్తూ.

"నేనెక్కడ వేశాను?" అంది దాహే. "నేను కిందే ఉన్నాను కదా."

మంచులోంచి మళ్ళీ వచ్చింది ఈల. ఈసారి నా మెడకి గాలి తగిలినంత దగ్గర.

మల్‌సూన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దాహే అటు తిరిగింది.

"వచ్చావా, అమ్మా," అంది.

నీళ్ళు కదల్లేదు. ఆ ఈల మళ్ళీ వినపడలేదు.

ఇప్పుడు దాహేకి ఈల ఉంది. తన సొంతది. పాత తలుపు తీసినట్టు కిర్రుమంటుంది. ముసలి బాతు అని మల్‌సూన్ ఆటపట్టిస్తుంది.

మొన్న టీవీలో పాత పాటలు వేశారు. గులాబి జుట్టు పిల్ల పాడుతోంది. వాయిద్యాలు ఆగాయి. కళ్ళు మూసుకుంది. పెదాలు తెరుచుకున్నాయి.

టీవీకి చెవి ఆనించి విన్నాను. జనం కేకలు వినపడుతున్నాయి. ఎవరో దగ్గారు, అదీ వినపడింది.

ఈల లేదు.

దాహే నా పక్కనే కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. తలెత్తలేదు.

రేపు నువ్వు మొదటిసారి నీళ్ళలోకి దిగుతున్నావు. ఇది మనసులో పెట్టుకో, నీ వెనక వచ్చేవాళ్ళకీ చెప్పు. ఈల వినపడితే ఎవరిదా అని చూడకు, తల్లీ.

ముందు "వచ్చావా" అను.