అన్నీ అసలైనవే

“ఒక్క సామానన్నా మార్చినావా అన్నా?” రీలును రెండు చేతుల్లోకి తీసుకుంటూ అడిగింది సలోమి.

“అన్నీ అసలైనవేనమ్మా,” అన్నాను. అది అబద్ధం కాదు.

తొంభై మూడులో ఆమె భర్త ఈ పాత ఇత్తడి గాలం రీలును రాయపురంలోని నా కొట్లో రిపేరుకిచ్చి, బోటెక్కి వేటకు పోయాడట. బోటు తిరిగిరాలేదు. ఆ సంగతి నాకు తెలియదు. ఏడాది దాటినా ఎవరూ రాకపోయేసరికి, మా పనిలో అందరూ చేసేదే నేనూ చేశాను. దాన్ని విప్పి, సామాన్లన్నీ వేరేవాళ్ల రీళ్లకు వేసేశాను.

పోయిన వారం, ఇన్నేళ్లకు ఆయన పాత బట్టల్లో దొరికిందంటూ, అప్పట్లో నేనిచ్చిన రిపేరు చీటీ పట్టుకుని ఆమె వచ్చింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. అదే కంపెనీవి, ఆ కాలంనాటివే మూడు రీళ్లు వెతికి, విప్పి, ఒక్కటిగా బిగించాను.

“ఆయన ఒళ్లు దొరకలా అన్నా. పెట్టెలో ఆయనకి బదులు దీన్ని పెట్టి రేపు పూడ్చిపెడతాం.”

ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. అంతలో ఆమె వేలు చెక్క పిడి మీద ఆగింది.

“ఈడ చూడన్నా, తిప్పీ తిప్పీ ఎట్ట గుంట పడిపొయ్యిందో. ఇది ఆయన బొటనేలే.”

ఆ గుంటను పెదాలకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

పిడి ఒక్కటీ ఎక్కడా దొరక్క, ముప్పై ఏళ్లుగా నేను తిప్పుతున్న నా సొంత రీలుదే ఊడదీసి వేశాను.

నా బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను.